బజర్ వైరు కోసేద్దామా?

"ప్రోగ్రాం రన్ అవుతోంది కదా, ఇక వార్నింగుల సంగతి ఎందుకు?" మా ల్యాబ్‌లో రోజూ వినపడే మాట ఇది. పోయిన వానాకాలం మంథని వెళ్తే ఇదే మాట మా మామ నోట విన్నాను. కాకపోతే ఆయన చెప్పింది పడవ మోటరు గురించి.

మామది చేపల పని. 2019లో అన్నారం బ్యారేజీలో నీళ్ళు నింపాక మంథని దగ్గర గోదావరి చెరువులా నిలబడింది. ఆ దూరాలకు తెడ్డు చాలదని మామ కాకినాడ వైపు నుంచి పాత టూ స్ట్రోక్ మోటరు ఒకటి తెచ్చుకున్నాడు. 2023 అక్టోబరులో మేడిగడ్డ పియర్లు కుంగాక అన్నారం నీళ్ళూ వదిలేశారు. దాంతో మోటరు ఇంట్లో, దాని ఆయిల్ ట్యాంకు ఒడ్డు మీది పడవలో నెలల తరబడి పడి ఉన్నాయి. నదికి నీళ్ళొచ్చి మోటరు బిగించాక కొత్త బాధ మొదలైంది. కొంచెం దూరం పోగానే బజర్ మోగుతుంది, ఎర్ర లైటు వెలుగుతుంది, స్పీడు దానంతటదే పడిపోతుంది.

"ట్యాంకు నిండ ఆయిలున్నది. మరి గీ మోగుడేందల్లుడా? వైరు కోసిపారేస్తే పీడ పోతది" అన్నాడు మామ. తెలిసిన మెకానిక్ ఒకాయన కూడా అదే సలహా ఇచ్చాడట.

అసలు సంగతేంటంటే, మన ఇప్పటి బైకులన్నీ ఫోర్ స్ట్రోక్. వాటిలో ఆయిల్ ఇంజిన్ అడుగున ఉండి తిరుగుతూ ఉంటుంది. టూ స్ట్రోక్‌లో అట్లా కాదు. ఆయిల్ పెట్రోల్‌తో పాటు లోపలికి పోయి కాలిపోతుంది. కాబట్టి ఎప్పటికప్పుడు కొత్తది అందుతూ ఉండాలి. అందకపోతే కొన్ని నిమిషాల్లోనే పిస్టన్ పట్టేస్తుంది, అంటే ఇంజిన్ సీజ్. రోడ్డు మీదైతే బండి తోసుకుంటూ రావచ్చు. ఇక్కడ అవతలి ఒడ్డున శివ్వారం మొసళ్ళ అభయారణ్యం ఉంది. పైగా చాలాసార్లు అత్తమ్మ కూడా పడవలోనే ఉంటుంది. నాకు భయమేసింది అందుకే.

"కోసే ముందు ఒక్క గంట టైమియ్యి మామా" అన్నాను. మోటరు గురించి నాకు తెలిసింది తక్కువే. కానీ ఎర్రర్ వస్తే అది నిజమా, అబద్ధమా అని ముందు తేల్చుకోవాలని మాత్రం తెలుసు.

మూత తీస్తే విషయం సగం అర్థమైంది. ఈ మోటరుకు రెండు ట్యాంకులు. పెద్దది పడవలో, చిన్నది ఇంజిన్ మీద. పెద్దదాంట్లోంచి చిన్నదాంట్లోకి ఒక కరెంటు పంపు ఆయిల్ తోడుతుంది. బజర్ చూసేది చిన్న ట్యాంకును. అందులో అయస్కాంతం ఉన్న ఫ్లోట్ ఒకటి తేలుతూ ఉంటుంది. ఆయిల్ తగ్గి ఫ్లోట్ కిందికి దిగితే స్విచ్ పని చేసి బజర్ మోగుతుంది. తొంగి చూస్తే చిన్న ట్యాంకు దాదాపు ఖాళీ!

అంటే మామ చెప్పిందీ నిజమే, బజర్ చెప్పిందీ నిజమే. ఇద్దరూ వేరే వేరే ట్యాంకుల గురించి మాట్లాడుతున్నారు. ఒకే పేరుతో రెండు వేరియబుల్స్ పెట్టుకున్నట్టు.

ఒకవేళ చిన్న ట్యాంకు నిండుగా ఉండి కూడా మోగితే అప్పుడు సెన్సార్‌ను అనుమానించాలి. దాని కనెక్టర్ ఊడదీసి, ఫ్లోట్‌ను పైకీ కిందికీ కదుపుతూ మల్టీమీటర్‌తో చూస్తే స్విచ్ మారుతోందో లేదో తెలిసిపోతుంది. మాకు ఆ అవసరం రాలేదు.

తాళం తిప్పితే పంపు గుయ్‌మంది, అంటే కరెంటు అందుతోంది. పైపు ఎక్కడా మడత పడలేదు, క్లిప్పులు గట్టిగానే ఉన్నాయి. ఇక మిగిలింది పెద్ద ట్యాంకు. దాంట్లోది సీసాలోకి వంచి కాసేపు ఉంచితే అడుగున నీళ్ళు తేరాయి. మూత రబ్బరు పగిలి వాన నీళ్ళు దిగాయి. ఆయిల్ కన్నా నీళ్ళు బరువు కదా, అడుగుకు చేరాయి. పంపు పీల్చేది కూడా అడుగు నుంచే. అక్కడి జాలీ తెల్లటి జిగురుతో మూసుకుపోయి ఉంది.

మామ ట్యాంకు కడిగి ఆరబెట్టాడు. చిన్న ట్యాంకులోకి ఏమైనా నీళ్ళు పోయాయేమోనని దాన్నీ వంచి శుభ్రం చేశాడు. రబ్బరు, జాలీ మార్చి, టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉన్న పడవ మోటరు ఆయిలే పోసి, పైపులో గాలి తీసేశాడు. అయినా నమ్మకం కోసం మొదటి రోజు పెట్రోల్‌లో కూడా లీటరుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్ కలిపాం. ఏదైనా తేడా వచ్చినా ఇంజిన్ ఎండిపోదు. పొగ ఎక్కువొస్తుంది, అంతే. పెద్ద ట్యాంకు మీద మార్కర్‌తో గీత పెట్టాం. సాయంత్రానికి ఆయిల్ గీత కిందికి దిగింది. పచ్చ లైటు ఆరలేదు.

"నాన్నా పులి" కథలో పిల్లాడు రెండుసార్లు అబద్ధం చెప్పాడు కాబట్టి ఎవరూ రాలేదు. ఈ బజర్ ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు. విసుగు తెప్పించింది, అంతే. ఆ విసుగుకే కత్తెర దాకా పోయాం. కోసేసి ఉంటే నది నడుమ ఇంజిన్ ఆగేదాకా ఎవరికీ తెలిసేది కాదు.

ఇప్పుడు వాన పడితే మామ ముందు ఆ మూతకు పాలిథిన్ కవరు కడుతున్నాడు. నన్ను మాత్రం ఊళ్ళో అందరికీ "మా మెకానిక్ అల్లుడు" అని చెప్తున్నాడు. బీటెక్ సీఎస్ఈ అని ఎంత చెప్పినా వినడు.