తెరమీది కెరటం

కృష్ణానది సముద్రంలో కలిసే చోటికి పడమరగా, నిజాంపట్నం మండలంలో అడవులదీవి అనే గ్రామం ఉంది. మడ అడవులు, ఉప్పుటేరులు, ఆరవేసిన వలలు ఆ తీరసీమకు ఆనవాళ్లు. అక్షరాలు నేర్వక మునుపే నీటిని చదవడం అలవడే ప్రాంతమది. గాలి మళ్లితే నీటి పోకడ ఎట్లా మారుతుందో, పోటు ఎక్కే వేళకు పడవ ఏ దిక్కుగా లాగుతుందో అక్కడి పిల్లలకు ఎవరూ పాఠంగా చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న కృష్ణకు ఆవలి గట్టున ఉన్న దివిసీమను ఉప్పెన ముంచి వేలమందిని బలిగొన్నది. ఆనాటి నీటిని తలచుకొని నేటికీ ఉలికిపడే వృద్ధులు ఆ తీరంలో ఉన్నారు.

అటువంటి ఊరిలో పుట్టిన యువకుడొకడు హైదరాబాదులో సినిమా విజువల్ ఎఫెక్ట్స్ పనికి కుదిరాడని ఊహిస్తే, ఆ పని ఎంత కష్టమైనదో బోధపడుతుంది. ఒక పోరాట చిత్రంలో కథానాయకుడి పడవపైకి పెనుకెరటం విరుచుకుపడాలి. నటుడు స్టూడియోలో ఆకుపచ్చ తెర ముందు, నేలమీద ఊగే పడవలో నిలబడి నటించాడు. కెరటాన్ని కంప్యూటర్‌లో పుట్టించి, ఆ పచ్చని తెర ఉన్న చోట నిలపాలి. సినిమాలో సెకనుకు 24 చిత్రాలు కదులుతాయి; ఐదు సెకన్ల దృశ్యమంటే 120 చిత్రాలు. ప్రతి చిత్రంలోను నీటి బరువు, వేగం, నురుగు, తుంపర, వెలుగు, నీడ లెక్కకు రావాలి. నటుడి ముఖంపై వెలుగు ఎడమనుండి పడితే కెరటంపైన కూడా ఎడమనుండే పడాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ప్రేక్షకుడు కారణం చెప్పలేడు గాని, నమ్మడం మానివేస్తాడు.

ఈ విద్య తెలుగువారికి కొత్తది కాదు. అడవులదీవి వారు రేపల్లె మీదుగా చేరుకొనే తెనాలి పట్టణం నిర్మాత చక్రపాణికి స్వస్థలం. ఆయన నాగిరెడ్డితో కలిసి నడిపిన విజయా సంస్థ 1957లో ‘మాయాబజార్’ చిత్రాన్ని అందించింది. దర్శకుడు కె.వి.రెడ్డి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే. కంప్యూటర్ లేని ఆ రోజులలో సుమారు 300 బొమ్మ ఇళ్లతో ద్వారకానగరాన్ని నిర్మించి, దీపాలు వెలిగించి, నిజమైన నగరంగా చూపించారు. అయితే ఇంటిని చిన్నదిగా కట్టవచ్చు గాని, నీటిబొట్టును చిన్నదిగా చేయడం సాధ్యం కాదు. తొట్టిలోని అల కెమెరాకు తొట్టిలోని అలగానే దొరికిపోతుంది. అందుకే బొమ్మ సముద్రాలను చిత్రీకరించేవారు కెమెరాను వేగంగా తిప్పి, తెరపై కదలికను నిదానింపజేసేవారు. పెద్ద కెరటం దూరాన్నుండి చూచేవారికి మెల్లగా లేచినట్లు కనబడడమే అందుకు కారణం. అనంతరం కంప్యూటర్ వచ్చింది. ‘అమ్మోరు’ (1995), జాతీయ పురస్కారాలు పొందిన ‘మగధీర’ (2009), ‘ఈగ’ (2012), జలపాతాన్ని అంబరానికెత్తిన ‘బాహుబలి’ (2015) వరకు పనిముట్లు మారాయి గాని, ప్రకృతిని పరిశీలించే కన్ను అవసరం మాత్రం తగ్గలేదు.

ఆ యువకుడు తొలిసారి తయారుచేసిన కెరటం అద్దంవలె మెరిసే నీలికెరటం. పండుగకు ఊరికి వెళ్లినప్పుడు గర్వంగా తాతకు చూపించాడు. తాత కళ్లజోడు సవరించుకొని చూచి, “ఇదెక్కడి సముద్రంరా? ఉప్పెన నీళ్లు ఇంత శుభ్రంగా వస్తాయా? బురద, తాటాకు, వాసాలు, గడ్డివాములు అన్నీ తోసుకొని రావూ!” అన్నాడు. యువకుడు మారుమాట లేక కూర్చున్నాడు. ఎన్నో విదేశీ చిత్రాలు చూచి నేర్చిన అతడు, తన గుమ్మం ముందున్న నీటిని చూడడం మరచిపోయాడు. మరునాడు తెల్లవారుజామున రేవుకు పోయి, గట్టును తాకి వెనుదిరిగే నీరు నురుగును ఎట్లా లాగుకొనిపోతుందో గంటలకొద్దీ గమనించాడు.

హైదరాబాదుకు తిరిగివచ్చి కెరటాన్ని మళ్లీ మొదటినుండి నిర్మించాడు. నీలిరంగు పోయి ఒండ్రురంగు వచ్చింది. అల శిఖరాన విరిగిన వాసాలు తేలాయి. మరొకమారు ఊరు వెళ్లినప్పుడు తాత ముందు ఉంచాడు. ఈసారి ఆయన తప్పులు వెదకలేదు. సగంలోనే ముఖం తిప్పుకొని, “చాలురా అబ్బాయీ, ఇక ఆపు” అన్నాడు.

పని నెగ్గిందని యువకుడు సంతోషించబోయాడు. కాని ఆ వృద్ధుడి కంటి తడి అతణ్ణి నిలువరించింది. తెరమీద ఐదు సెకన్ల వినోదమైనది ఒక తరానికి తుడువరాని దుఃఖం. ఆ రాత్రి అతడు దృశ్యాన్ని మరొకసారి పరికించాడు. కెరటంలో తేలుతున్న ఊయల ఒకటి, చూపరులను అదరగొట్టడానికే తాను చేర్చినది, కనబడింది. హైదరాబాదు చేరగానే చేసిన మొదటి పని దానిని తొలగించడం. వాసాలను, తాటాకులను ఉంచాడు, అవి నిజం. ఊయల కూడా ఒకనాడు నిజమే కావచ్చు. అయినా దానిని కథానాయకుడి సాహసానికి అలంకారంగా వాడడానికి అతనికి మనసొప్పలేదు.

చిత్రం విడుదలైన నాడు ఆ కెరటం లేచినప్పుడు ప్రేక్షకులు ఊపిరి బిగబట్టారు. దానిని చేసినవారెవరని ఎవరూ అడగలేదు. చివర పేర్లు పరుగెత్తే వేళకు హాలు సగం ఖాళీ అయింది. ఈ వృత్తిలో శ్రమ కనబడకపోవడమే విజయం. అందుకని తెరపై దేనిని చూపాలో, దేనిని చూపకుండా విడవాలో నిర్ణయించే బాధ్యత మాత్రం ఆ కనబడని చేతులను విడిచిపోదు.