మా దీపము వెనుకటి పొగ

మేము నాదెండ్ల వాస్తవ్యులము. సాగరు కుడికాలువ నీటితో పండు పొలములు మావి. అందుచేత మా యింటి దీపముకూడ ఆ నీటివలననే వెలుగుచున్నదని చిరకాలము నమ్మితిమి. హైదరాబాదునుండి తమ్ముడు వచ్చినపుడెల్ల, "మీది బొగ్గు దీపము, మాది నీటి దీపము" అని పరిహసించుచుంటిమి.

మొన్నటి సంక్రాంతికి అతని కొమార్తె రెండిండ్ల విద్యుత్తు బిల్లులను ముందిడుకొని కూర్చుండి, "పెదనాన్నగారూ, కాలువలు కట్టివేసిన వేసవిలో మీ దీపమెట్లు వెలిగినది?" అని యడిగినది. మాకు ప్రత్యుత్తరము తోచలేదు.

సాగరు ఆనకట్టకడనున్న ప్రధాన విద్యుద్గృహము 2014 విభజనలో తెలంగాణ యధీనమునకు పోయినది. మనకు మిగిలిన కుడికాలువ విద్యుద్గృహము 90 మెగావాట్లది. కాలువ పారినపుడే తిరుగును. ఇబ్రహీంపట్నమున 1979 నుండి నడచుచున్న బొగ్గు కేంద్రమునకు కాలువతో నిమిత్తము లేదు. అదిగాక 2013 డిసెంబరు 31న దక్షిణదేశపు తీగెలు తక్కిన దేశపు తీగెలతో నేకమైనవి. చెరువులో కలిసిన నీటిలో ఏ చుక్క ఏ మబ్బుదో ఎవరు చెప్పగలరు? నార్వేవంటి దేశమున విద్యుత్తు దాదాపు అంతయు నీటిదే గనుక అక్కడ మా పరిహాసము చెల్లును, ఇక్కడ చెల్లదు. భూమిని వేడెక్కించు బొగ్గుపులుసు వాయువు బొగ్గుతో పుట్టిన యూనిటునకు దాదాపు ఒక కిలో. అన్నిరకముల విద్యుత్తును కలిపి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ కట్టిన దేశపు సగటు, 2022-23లో యూనిటునకు సుమారు 0.72 కిలో.

ఆ లెక్కన నెలకు 210 యూనిట్ల మా యింటి పొగ 151 కిలోలు. 540 యూనిట్ల తమ్మునిది 389. మేమేడుగురము, వారు మువ్వురు. మనిషికి మాకు ఇంచుమించు 22 కిలోలు, వారికి 130. "ఓడితివిగదా!" అంటిమి. మా గర్వమెంత త్వరగా తిరిగి వచ్చినదో చదువరులు గమనింతురుగాక.

ఆ పిల్ల యంతటితో విడువలేదు. యూనిట్లు చాలవు, వాడిన గంటకూడ చూడవలెనన్నది. నడిమధ్యాహ్నము సౌర ఫలకముల విద్యుత్తు తీగెలలో విస్తారముగ చేరును. ప్రొద్దుక్రుంకగానే అది సున్న. ఇండ్లలో దీపములన్నియు నప్పుడే వెలుగును. ఆ కొరతలో పెద్దభాగమును బొగ్గు తీర్చును. మేము నీళ్లమోటారును, పిండి రుబ్బు గ్రైండరును వేయుట సరిగా రాత్రి ఏడు గంటలకు! నెల మొత్తమును మాత్రమే చూపు మా బిల్లు ఆ సంగతి చెప్పదు.

మరునాటినుండి రెండును మధ్యాహ్నమే వేయవలెనని మేము శాసించితిమి. మా యిల్లాలు తలయెత్తి, "నాకు నడుము వాల్చుటకు దొరకునది మధ్యాహ్నము ఒక్క గంట. అదికూడ మీ లెక్కలో వేసితిరా?" అన్నది. స్త్రీల కష్టములను గూర్చి ముప్పదియేండ్లుగా నుపన్యసించుచున్న మేము తల వంచుకొంటిమి.

ఇప్పుడు పండ్రెండు గంటలకు మోటారు వేయుటయు, పప్పు రుబ్బుటయు మా పనులు. మినపపప్పునకు ఎంత నీరు పోయవలెనో తెలియుటకు మూడు వారములు పట్టినది. మొదటి వారపు ఇడ్లీలు తమ్మునికి తప్పిపోవుట అతని యదృష్టము.