దిండు అక్కర్లేని ప్రయాణం

మా కారుకి 14 ఏళ్లు. 1,62,000 కిలోమీటర్లు తిరిగింది. ఈమధ్య స్పీడ్ బ్రేకర్ వస్తే చాలు, ముందు చక్రాల దగ్గర టకటకమని చప్పుడు. వెనక సీట్లో మా అత్తయ్యగారు నడుం వెనక దిండు పెట్టుకుని, "మెల్లిగా నాయనా" అంటూ ఉండేవారు.

మెకానిక్ బండిని జాకీ మీద లేపి, చక్రం పట్టుకుని ఊపి చూపించాడు. ఒక షాకబ్సార్బర్ నుంచి ఆయిల్ కారుతోంది. లోయర్ ఆర్మ్ బుష్‌లు పగిలాయి. బాల్ జాయింట్ వదులైంది.

"ఇంకెన్నాళ్లు వాడతాం? సెకండ్ హ్యాండ్ సామాను వేయిద్దాం" అన్నారు మావారు. నాకూ సబబే అనిపించింది. అయినా అడిగాను, "బాల్ జాయింట్ ఊడిపోతే ఏమవుతుంది?" అని.

"చక్రం పక్కకి పడిపోతుందమ్మా. ఇక బండి మన చేతిలో ఉండదు."

అంతే, లెక్క మారిపోయింది.

బాల్ జాయింటూ బుష్‌లూ కలిసి వచ్చే లోయర్ ఆర్మ్‌లు రెండువైపులా కొత్తవే వేయించాం. షాకబ్సార్బర్ పోయింది ఒకటే అయినా, ఒకవైపు గట్టిగా ఒకవైపు మెత్తగా ఉండకూడదని జత మార్పించాం. ఎలాగూ విప్పారు కదా, రెండోసారి కూలీ ఎందుకని పైనుండే మౌంట్లు కూడా. స్ప్రింగులు బాగున్నాయి, పాతవే ఉంచాం. దసరాకి కొందామనుకున్న సీటు కవర్లు మాత్రం వాయిదా! చివర్లో వీల్ అలైన్‌మెంట్ మర్చిపోకండి, లేకపోతే టైర్లు ఒకపక్కే అరిగిపోతాయి.

నిన్న గుడికి వెళ్తుంటే అత్తయ్యగారు దిండు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ఊరు దాటేసరికి నిద్రపోయారు.