నారాయణగూడలో ఆగిన రైలు

చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నే కుర్చీ దొరికితే సగం ఉద్యోగం వచ్చినట్టే. అశోక్‌నగర్ హాస్టళ్ల కుర్రాళ్లంతా సంచులు తగిలించుకుని అక్కడికే వస్తారు. మిర్యాలగూడ దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఆ కుర్రాడిదీ అదే దారి. చదివింది బీఏ. రాయబోయేది రైల్వే పరీక్ష. కిందటిసారి ఒక్క మార్కుతో పోయింది. వయసు దాటిపోతోంది కాబట్టి ఇదే ఆఖరుసారి.

చరిత్ర కంఠతా వచ్చు. తొలివేగం, తుదివేగం దగ్గరే బండి ఆగిపోయేది. యూ, వీ, ఏ, టీ... అక్షరాలన్నీ చీమల్లా పాకేవి.

'ఇదొక్కటి ఇడిసిపెడతా సార్' అన్నాడు, రోజూ పేపరు చదవడానికి వచ్చే రిటైర్డ్ ఫిజిక్స్ మాస్టారితో.

'కిందటిసారి ఎన్ని మార్కులతో పోయిందన్నావ్?' అన్నారాయన.

మర్నాడు సాయంత్రం ఇద్దరూ చిక్కడపల్లిలో మెట్రో ఎక్కారు. 2020 ఫిబ్రవరి 7న మొదలైన జేబీఎస్-ఎంజీబీఎస్ లైను అది. తర్వాతి స్టేషనే నారాయణగూడ. దిగాక మాస్టారు ఒక స్తంభం చూపించి, 'అక్కణ్నుంచి రైలు ముక్కు ఆగే చోటుదాకా అంగలు లెక్కపెట్టు' అన్నారు. 120 వచ్చాయి. అంగకు ముప్పావు మీటరు చొప్పున 90 మీటర్లు.

తర్వాతి రైలు స్తంభం దాటిన క్షణం నుంచి ఆగేదాకా సెల్‌ఫోన్‌లో 15 సెకన్లు.

'స్తంభం దగ్గర వేగమెంత?'

'90ని 15తో భాగిస్తే... 6 సార్.'

'పరీక్షలో మొదటి ఆప్షన్ అదే ఉంటుంది. నీలాంటివాళ్ల కోసమే పెడతారు' అని నవ్వారు.

6 అనేది సగటు. రైలు ఆగింది కనుక తుదివేగం సున్నా. బ్రేకు ఒకే తీరున పడిందనుకుంటే, తొలివేగంలో సరిగ్గా సగం ఈ సగటు. అంటే తొలివేగం సెకనుకు 12 మీటర్లు. 3.6తో హెచ్చిస్తే గంటకు 43 కిలోమీటర్ల పైచిలుకు. ఆ 12 కాస్తా 15 సెకన్లలో హరించుకుపోయింది, సెకను సెకనుకూ 0.8 చొప్పున. అదే త్వరణం. తగ్గుతోంది కాబట్టి ముందు మైనస్ గుర్తు పెట్టాలి. రైలు బయల్దేరేటప్పుడు అంతా తిరగబడుతుంది. అప్పుడు సున్నా అయ్యేది తొలివేగం. (అసలు బ్రేకు అంత బుద్ధిగా పడదనుకోండి. పుస్తకంలో మాత్రం పడుతుంది.) ఈ సగటు మర్మాన్ని 14వ శతాబ్దంలోనే ఆక్స్‌ఫర్డ్‌లోని మెర్టన్ కాలేజీ పండితులు పట్టుకున్నారు. అప్పటికి రైళ్లూ లేవు, స్టాప్‌వాచీలూ లేవు.

ఆ సాయంత్రం ఐదు రైళ్లు చూశారు. మాస్టారికి మోకాళ్లు నొప్పెట్టి బెంచీ మీద కూలబడ్డారు. సెక్యూరిటీ అతను వచ్చి 'ఎక్కరా?' అని అడిగాడు కూడా. ఐదో రైలు లెక్క కుర్రాడు నోటితోనే చెప్పేశాడు.

పరీక్షలో రైలు రాలేదు, కారు వచ్చింది. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతూ 5 సెకన్లలో ఆగింది, ఎంత దూరం పోయింది? 72 అంటే సెకనుకు 20. సగటు 10. యాభై మీటర్లు. మొదటి ఆప్షన్‌లో 100 ఉంది. చూసి నవ్వుకున్నాడు.

ఫలితాలు ఇంకా రాలేదు. పొద్దున్నే లైబ్రరీకి వచ్చి, మాస్టారి కోసం పక్క కుర్చీలో సంచి పెట్టి ఉంచుతున్నాడు.