అక్క బంతి వదిలేసింది కదా

పోయిన నెల చెల్లె హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. గురుకులంలో తొమ్మిదో తరగతి తను. "అక్కా, జిల్లా ఫుట్‌బాల్ టీంకు సెలెక్ట్ అయిన. బాపు వద్దంటున్నడు. నువ్వన్నా జెర చెప్పవే" అంది. ఎందుకు వద్దంటున్నాడని అడిగితే కాసేపు ఆగి, "అక్క బంతి వదిలేసింది కదా, అందుకే ఇంజినీరింగ్ సీటొచ్చింది, నువ్వూ వదిలెయ్ అంటున్నడు" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మాది దేవరకొండ దగ్గర ఒక తండా. పల్లికాయ పీకినంక ఖాళీ అయిన చెలకే మా గ్రౌండ్. టెన్త్ దాకా నేనూ ఆడాను, మిడ్‌ఫీల్డ్‌లో. వెనక నుంచి బంతి అందుకొని, తలెత్తి చూసి, ముందున్నోళ్లకు ఇవ్వడమే నా పని. గోల్ ఇంకెవరో కొట్టేవాళ్లు, చప్పట్లూ వాళ్లకే. నేను మూతి ముడుచుకుంటే మా పీఈటీ సార్ జపాన్ మిడ్‌ఫీల్డర్ హొమారె సావా గురించి చెప్పేవారు. 1993లో, పదిహేనేళ్లకే ఆమె దేశం తరఫున ఆడింది. మొత్తం ఆరు వరల్డ్ కప్‌లు ఆడింది. జపాన్‌లో సునామీ వచ్చిన నాలుగు నెలలకు, 2011 ఫైనల్లో, అమెరికా 2-1తో ముందున్నప్పుడు 117వ నిమిషంలో కార్నర్ బంతిని గోల్‌లోకి మళ్లించింది. పెనాల్టీల్లో జపాన్ గెలిచింది. ఆ టోర్నీలో అందరికన్నా ఎక్కువ గోల్స్, అయిదు, ఆమెవే. "మిడిల్‌లో ఆడేటోళ్లకు పేరు రాదని ఎవరన్నరు?" అనేవారు సార్.

ఇంటర్‌లో చేరగానే నా షూస్ చెల్లెకిచ్చేశాను. నన్నెవరూ మాన్పించలేదు. ఎంసెట్ ముందు ఆటలేందని నేనే అనుకున్నా. ఆ సంగతి చుట్టాల ముందు గొప్పగా కూడా చెప్పుకున్నా. ఇప్పుడదే చెల్లెకు అడ్డం పడింది.

మరునాడు బాపుకు ఫోన్ చేసి గుగులోత్ సౌమ్య సంగతి చెప్పడం మొదలుపెట్టాను.

"గుగులోతా? మనోళ్లేనా?" గొంతు మారింది.

"మనోళ్లే బాపూ. నిజామాబాద్ దిక్కు తండా పిల్ల."

2001లో పుట్టిన సౌమ్య మొదట పరుగు పందేల అమ్మాయి. ఆ వేగమే వింగ్‌లో పనికొచ్చింది. గోకులం కేరళకు ఆడింది. 2022లో క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరింది. తర్వాత ఈస్ట్ బెంగాల్‌కు వచ్చింది. 2024-25లో ఆ జట్టు ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది, ఆ సీజన్‌కు దేశంలో ఉత్తమ క్రీడాకారిణి అవార్డు సౌమ్యకు వచ్చింది. 2025 జూలైలో మన జట్టు థాయ్‌లాండ్‌ను వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించి, మొదటిసారి క్వాలిఫయర్స్ గెలిచి ఆసియా కప్‌కు అర్హత సాధించింది. ఆ క్వాలిఫయర్స్ జట్టులోనూ సౌమ్య ఉంది. డ్రా తీస్తే మన గ్రూపులో పడ్డది ఎవరో తెలుసా? సావా వాళ్ల జపాన్!

బాపు అంతా విన్నాడు. "మరి కాలు ఇరిగితే?" అన్నాడు.

జవాబు లేదు నా దగ్గర. అందరూ సౌమ్యలు కాలేరని కూడా ఒప్పుకున్నా. "కానీ బాపూ, ఇంజినీరింగ్ చదివినా జాబ్ గ్యారంటీ లేదు" అన్నాను. (మీరు నవ్వకండి, మనందరి సంగతే.) చివరికి ఇన్నేళ్లు చెప్పనిది చెప్పాను: "బంతి వదిలినందుకు నాకు సీటు రాలేదు. రోజూ పొద్దున నాలుగింటికి లేచి చదివితే వచ్చింది. ఆ లేవడం నాకు గ్రౌండే నేర్పింది. వదిలేసినందుకు ఇప్పటికీ బాధనే."

అటువైపు చాలాసేపు మాట లేదు. తర్వాత "చూద్దాం తియ్యి" అని పెట్టేశాడు.

ఆదివారం హాస్టల్‌కు పోయి సంతకం పెట్టాడట. "ఈసారికే" అన్నాడట. ఈసారికి చాలు.

మన కాలేజీలో అమ్మాయిలకు ఫుట్‌బాల్ టీం లేదు. ఉండాలని నేనూ ఎప్పుడూ అడగలేదు. రేపటి నుంచి సాయంత్రం అయిదున్నరకు గ్రౌండ్‌లో చింతచెట్టు వైపు ఉంటాను. బంతి కొన్నాను. షూస్ లేకపోయినా రండి.