కుండీ ఒక్కటే అయితే ఏ కంక్వాట్?

కంక్వాట్‌లలో ఏ రకం రుచిగా ఉంటుందో చెప్పమని గ్రూపులో చాలామంది అడుగుతున్నారు. షోళింగనల్లూరు ఫ్లాట్లలో కరివేపాకు కుండీని జరిపితే గానీ ఇంకో మొక్కకు చోటు దొరకదు. అంటు మొక్కయినా బాగా కాపుకు రావడానికి రెండు మూడేళ్లు ఆగాలి. అందుకే ముందే ఆలోచించుకోవడం మేలు.

ఆ పేరు కంటోనీస్ మాట. బంగారు నారింజ అని అర్థం. కమలాపండులా దీన్ని వలవకూడదు, తొక్కతో సహా తినాలి. తీపి తొక్కలో ఉంటుంది, పులుపు లోపలి రసంలో ఉంటుంది. వేళ్ల మధ్య కాస్త నలిపి నోట్లో వేసుకుంటే రెండూ కలుస్తాయి.

పిల్లల దగ్గరికి కాలిఫోర్నియా వెళ్లినప్పుడు నగామి, మెయివా రెండూ పక్కపక్కన పెట్టుకుని తిన్నాం. నగామి కోలగా ఉంటుంది. తొక్క తియ్యగా మొదలై, కొరకగానే పళ్లు జివ్వుమంటాయి. మెయివా గుండ్రంగా, మందపాటి తొక్కతో ఉంటుంది. రసం, పులుపు, గింజలు అన్నీ తక్కువే. మనవలు మెయివా గిన్నె ఖాళీ చేశారు. మాకు నగామి నచ్చింది. ఉప్పు, కారం, మెంతిపిండి వేసి ఊరవేస్తే అన్నంలోకి అదే నిలబడింది. మెయివా ఊరగాయ చప్పగా తేలిపోయింది.

ఇక ఇక్కడి నర్సరీల్లో చైనా నారింజ అనీ, ఒక్కోసారి కంక్వాట్ అనీ అమ్మేది చాలావరకు కాలమండిన్. కమలా జాతికీ కంక్వాట్‌కీ పుట్టిన సంకరం అది. ఫిలిప్పీన్స్‌వాళ్లు కాలమన్సి అంటారు, వంటల్లో నిమ్మకాయలా పిండుకుంటారు. గుర్తుపట్టడం తేలికే. దీని తొక్క కమలాపండులా వదులుగా ఊడి వస్తుంది. కంక్వాట్ తొక్క లోపలి తొనలను అంటిపెట్టుకుని ఉంటుంది. కాలమండిన్ పులుపు నిమ్మకాయకు తీసిపోదు, పైగా కమలా వాసన. ఊరికే తినడానికి పనికిరాదు గానీ, దబ్బకాయ పులిహోర రుచి మరిగిన ఇంట్లో దీనికి పనిలేకుండా పోదు. పొయ్యి దించాక చారులో రెండు కాయలు పిండి చూడండి.

కంక్వాట్ చలిని తట్టుకునే చెట్టు. రాత్రుళ్లు చల్లబడితేనే నిమ్మజాతి పళ్లకు రంగు బాగా తిరుగుతుంది. మన ఊళ్లో ఆ చలి లేదు కాబట్టి, రంగు కోసం కాచుకు కూర్చోకుండా కాయ కాస్త మెత్తబడగానే కోసి రుచి చూడాలి. కాలమండిన్‌కు మన వేడి అలవాటే. పచ్చికాయైనా వంటకు పనికొస్తుంది.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. నిమ్మజాతికి ఉప్పు నీళ్లు పడవు, ఆకుల అంచులు మాడిపోతాయి. మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాడకండి. ఆర్ఓ మిషను వదిలేసే నీళ్లయితే అసలే వద్దు. వాన నీళ్లు పట్టుకుంటే అంతకన్నా మంచిది లేదు. ఎండ మాత్రం బాగా తగలాలి.

మా లెక్క ఇదీ: కుండీ ఒక్కటే అయితే కాలమండిన్. రెండో దానికి చోటుంటే నగామి. ఇంట్లో పసివాళ్లుండి, నమ్మకమైన అంటు దొరికితే మెయివా. ఏదైనా కాయతో ఉన్న మొక్కనే ఎంచుకోండి. అడిగి ఒక కాయ వలిచి, కొరికి చూశాకే డబ్బులివ్వండి. మొక్కకు కట్టిన చీటీ కన్నా ఆ కాయే నమ్మకం.