రూపాయికి ఇంటిపేరు

పిల్లలూ, మీ తరగతిలో ఒకే పేరు గలవాళ్ళు ఇద్దరుంటే పంతులుగారు ఏం చేస్తారు? ఇంటిపేరు కలిపి పిలుస్తారు. లేకపోతే ఒకడు చేసిన అల్లరికి ఇంకొకడు దెబ్బలు తినవలసి వస్తుంది! నాణాల విషయంలో కూడా ఇటువంటి చిక్కే ఉన్నది. ఆ సంగతి తెలుసుకునేసరికి నా చేతిలోని ఒక రూపాయి కాస్తా పోయింది. ఆ కథ చెబుతాను, వినండి.

1978లో మేము ఎల్లారెడ్డిలో ఉండేవాళ్ళం. ఇప్పుడు ఎల్లారెడ్డి కామారెడ్డి జిల్లాలోది గాని, అప్పటికి ఆ జిల్లా లేదు. అది 2016లో ఏర్పడింది. ఆ రోజుల్లో రెండూ నిజామాబాదు జిల్లాలోనివే. మా మేనత్తవాళ్ళు కామారెడ్డిలో ఉండేవారు. వాళ్ళబ్బాయి, అంటే మా బావ, నాకన్న రెండేళ్ళు పెద్ద. ఇద్దరికీ పాత నాణాలు కూడబెట్టే పిచ్చి ఉండేది.

మా నాయనమ్మ దగ్గర ఒక రేకుడబ్బా ఉండేది. అందులో కొన్ని వెండి రూపాయలు ఉన్నాయి. ఇంగ్లీషు రాజు బొమ్మ గల దాన్ని ఆమె "కల్దార్" అనేది. చార్మినారు బొమ్మ గలది నిజాం రూపాయి. దాన్ని "హాలీ సిక్కా" అనేది. ఒకరోజు ఆమె నాకొక చార్మినారు రూపాయి ఇచ్చి, "ఇది నేను పుట్టిన ఏడాది రూపాయి. మా నాయన మూట గట్టి దాచాడు. భద్రంగా పెట్టుకో, బిడ్డా," అన్నది.

అది నల్లబడి ఉన్నది. పండక్కి బావ వచ్చినప్పుడు తనతో తెచ్చిన చార్మినారు రూపాయి మాత్రం తళతళ మెరుస్తున్నది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాం. అదే చార్మినారు, ద్వారంలో అదే అక్షరం. పక్కింటి తాతకు ఉర్దూ వచ్చు. పైనున్న అంకెలు చదవమంటే, రెండింటి మీదా "తొంభై రెండు" అన్నాడు.

"ఇంకేం? నంబరు కూడా ఒకటే!" అన్నాడు బావ. మాకు పట్టరాని సంతోషం కలిగింది. నాణానికి నంబరు ఉంటుందని, అది ఇదేనని అనుకున్నాం. నేను నల్లదాన్ని ఇచ్చి మెరిసేదాన్ని పుచ్చుకున్నాను. నాయనమ్మకు చెప్పలేదు.

ఆ వేసవిలో కామారెడ్డి వెళ్ళినప్పుడు, బావ నన్ను ఒక రిటైరైన మాస్టారి దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన దగ్గర టెలిఫోను డైరెక్టరీ అంత లావు పుస్తకం ఉన్నది. అది ప్రపంచ నాణాల పట్టిక. అమెరికాలో క్రౌజ్, మిష్లర్ అనే ఇద్దరు దాన్ని 1972లో మొదటిసారి అచ్చువేశారు. మాస్టారు భూతద్దంతో నా రూపాయి చూసి, "ఇది వై 63," అన్నారు.

"కాదండీ, తొంభై రెండు," అన్నాను.

ఆయన నవ్వి ఇలా చెప్పారు: "92 నాణెం నంబరు కాదు. అరబ్బీలో ప్రతి అక్షరానికీ ఒక విలువ ఉన్నది, మన కటపయాది సంఖ్యల లాగా. మీం 40, హే 8, మళ్ళీ మీం 40, దాల్ 4. కలుపు చూద్దాం. 92! ఆ అక్షరాలు కలిస్తే 'ముహమ్మద్' అవుతుంది. ఈ చార్మినారు రూపాయలన్నిటి మీదా ఆ 92 ఉంటుంది. ద్వారంలోని అక్షరం ఐన్, అది ఉస్మాన్ అలీ ఖాన్ పేరులో మొదటి అక్షరం. నాణెం ఎప్పటిదో తెలియాలంటే కింద ఉన్న హిజ్రీ సంవత్సరం చదవాలి. ఒకటి నిలువుగీత. ఏడు లోయ లాగా, ఎనిమిది కొండ లాగా ఉంటాయి. సున్న ఒట్టి చుక్క. నీది 1362, అంటే 1943."

నా గుండె ఝల్లుమన్నది. నాయనమ్మ అంతకన్న చాలా ముందు పుట్టింది గదా!

మాస్టారు పుట తిప్పి చూపించారు. 1957లో యోమన్ అనే ఆయన ఆధునిక నాణాలకు పట్టిక తయారు చేశాడు. ఒక్కొక్క దేశం తీసుకుని, రాజుల వారీగా, విలువల వారీగా నాణాలను పేర్చి నంబర్లిచ్చాడు. అవే "వై" నంబర్లు. అంతకు ముందరి నాణాలకు 1966లో క్రెయిగ్ వేసినవి "సి" నంబర్లు. క్రౌజ్, మిష్లర్ల నంబర్లు "కేఎం". పాత నంబర్లకు అలవాటుపడినవాళ్ళు తికమక పడకుండా, హైదరాబాదు నాణాలకు వై నంబర్లనే ఉంచారు.

ఉస్మాన్ అలీ ఖాన్ 1911లో గద్దె ఎక్కాక వేయించిన మొదటి రూపాయల్లో ఐన్ అక్షరం పొట్టిగా ఉన్నది. అది వై 53. తరవాత అక్షరాన్ని పూర్తిగా వేశారు. అది వై 53-ఏ. హిజ్రీ 1330 నుంచి 1343 దాకా ఈ రకమే. రెండో ప్రపంచయుద్ధకాలంలో, 1361 నుంచి 1364 దాకా వచ్చినది వై 63.

"బొమ్మ ఒకటే, బరువు ఒకటే, 11.178 గ్రాములు," అన్నారు మాస్టారు. "కాని 53-ఏలో వెయ్యి పాళ్ళకు 818 పాళ్ళు వెండి. 63లో 500 పాళ్ళే. లెక్క కట్టు."

కట్టాను. మొదటి దానిలో 9.14 గ్రాముల వెండి, రెండవ దానిలో 5.59. ఆయన ఇంకో లెక్క కూడా ఇచ్చారు. కల్దార్ బరువు 11.66 గ్రాములు, అందులో పన్నెండింట పదకొండు పాళ్ళు వెండి, అంటే 10.69. ఆరు కల్దార్లలోనూ, ఏడు హాలీ రూపాయల్లోనూ రమారమి 64 గ్రాముల చొప్పున వెండి వచ్చింది. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు మారకమని నాయనమ్మ ఎందుకనేదో అప్పుడు తెలిసింది!

"బావా, నా రూపాయి ఇచ్చెయ్యి," అన్నాను. వాడు తల వంచుకున్నాడు. మా మేనత్తకు ఆడపిల్ల పుట్టింది. కాలికి కడియాలు చేయించాలని ఇంట్లోని పాతవెండి అంతా తీసింది. అవుసలి గీటురాయి మీద గీసి, మంచి వెండి అని ఏరినవాటిలో నా రూపాయి కూడా ఉన్నది. అది మూసలో కరిగిపోయి నెల అయింది.

ఎల్లారెడ్డి చేరి నాయనమ్మకు జరిగినదంతా చెప్పాను. ఆమె కోప్పడుతుందనుకున్నాను. కాసేపు ఊరుకుని, "వెండి యాడికీ పోలేదు, నా మనవరాలి కాళ్ళకే ఉన్నది," అన్నది. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "మా నాయన చెయ్యి తగిలిన రూపాయి అదొక్కటే ఉండె," అన్నది.

ఆమె 1918 చివర పుట్టింది. ఆ లెక్కన ఆ రూపాయి మీద 1337 ఉండాలి. నేను దాన్ని చదివి రాసుకోలేదు గనక, ఈనాటికీ గట్టిగా చెప్పలేను. మరునాడే ఒక నోటుబుక్కు కుట్టి, డబ్బాలో మిగిలిన ప్రతి నాణానికీ ఒక వరస కేటాయించాను. పట్టిక నంబరు ఇంటిపేరు వంటిది, ఒక రకానికంతా ఒకటే. సంవత్సరం దాని సొంత పేరు. "వై 53-ఏ, 1340" అని రాస్తే ఏ దేశంలో సేకరించేవాడికైనా అర్థమవుతుంది. చివరి గడి మాత్రం ఏ పట్టికలోనూ దొరకదు. అది ఎవరిచ్చారు, ఎందుకు దాచారు అన్నది.

పిల్లలూ, మీ ఇంట్లో కూడా పెద్దవాళ్ళు దాచిన నాణాలుంటే వాటిని చింతపండుతో తోమకండి. తోమితే నాణెం పైపొర అరిగిపోతుంది, సేకరించేవాళ్ళు దాన్ని ఇష్టపడరు. నల్లగా ఉన్నదని చులకన చేయకండి. ముందు చదవండి, రాసుకోండి. చివరి గడి నింపటానికి అమ్మమ్మనో, తాతనో ఇవాళే అడగండి. మార్చుకోవటం సంగతి తరవాత చూసుకోవచ్చు.